గోదావరికి ఏ ఒడ్డున అర్థశాస్త్రం?

సిరోంచ పిల్లలకు దగ్గరి విశ్వవిద్యాలయం పక్క రాష్ట్రంలో ఉంది, సొంత రాష్ట్రపు విశ్వవిద్యాలయం దూరంగా ఉంది. డిగ్రీలో అర్థశాస్త్రం చదవదలచినవారు దేన్ని చూసి నిర్ణయించుకోవాలి?

ప్రాణహిత గోదావరిలో కలిసే చోట, మహారాష్ట్ర ఆగ్నేయపు కొసన ఉన్న సిరోంచ తాలూకాలో ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అంగడిలో రెండూ వినిపిస్తాయి. ఇక్కడ బారావీ, అంటే పన్నెండో తరగతి, పూర్తిచేసి అర్థశాస్త్రంలో పట్టా తీసుకోవాలనుకునే విద్యార్థి ముందు మూడు దారులున్నాయి: తాలూకా కళాశాలలన్నిటికీ మాతృసంస్థ అయిన గడ్చిరోలిలోని గోండ్వానా విశ్వవిద్యాలయం, గోదావరి మీది వంతెన దాటితే వచ్చే తెలంగాణలోని కాకతీయ, ఉస్మానియా విశ్వవిద్యాలయాలు, అఖిల భారత ప్రవేశ పరీక్షతో సీట్లిచ్చే కేంద్ర విశ్వవిద్యాలయాలు. సాధారణంగా ఈ ఎంపిక బంధువులు ఎక్కడున్నారు, బస్సు ఎక్కడికి పోతుంది, హాస్టల్ ఎక్కడ దొరుకుతుంది అన్న లెక్కల మీదనే జరిగిపోతోంది. ఆ లెక్కలు అవసరమైనవే గానీ, అర్థశాస్త్రం విషయంలో అవి సరిపోవు. ఎందుకంటే ఈ శాస్త్రాన్ని ఒక విశ్వవిద్యాలయం బోధించే తీరుకూ మరొకటి బోధించే తీరుకూ మధ్య ఉన్న అంతరం, విద్యార్థి తరువాత చేరుకోగలిగే చోటును నిర్ణయించేంత పెద్దది.

గీత ఎలా పడింది

సిరోంచ ఎప్పుడూ రాష్ట్రపు అంచునే ఉన్న ఊరు కాదు. 1860లో నిజాం నుంచి బ్రిటిష్ పాలనలోకి వచ్చిన గోదావరి ఎడమ ఒడ్డు ప్రాంతాన్ని ఎగువ గోదావరి జిల్లాగా ఏర్పరచినప్పుడు దానికి ముఖ్యపట్టణం సిరోంచే. 1874లో ఆ జిల్లాను రద్దుచేసి దీన్ని చాందా జిల్లాలో కలిపారు. 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో అది బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో కొత్తగా ఏర్పడిన మహారాష్ట్రలోకి వచ్చింది. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ నుంచి విడిపోయి గడ్చిరోలి జిల్లా ఏర్పడింది. 2011 జనగణన నాటికి 14,412 చదరపు కిలోమీటర్ల ఈ జిల్లాలో ఉన్న జనం పది లక్షల డెబ్బై వేలకు కాస్త ఎక్కువ. అడవే ఎక్కువగా ఉన్న ఇలాంటి జిల్లాలో ఉన్నత విద్యకు మొదటి అవరోధం దూరం.

చాలా కాలం ఈ ప్రాంతపు కళాశాలలు 1923లో స్థాపించిన నాగపూర్ విశ్వవిద్యాలయం కింద ఉండేవి. చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల కోసం 2011లో గోండ్వానా విశ్వవిద్యాలయాన్ని ఏర్పాటు చేయడంతో పరీక్షల, పట్టాల కేంద్రం కొంత దగ్గరైంది. అయినా సిరోంచ నుంచి గడ్చిరోలికి అడవి దారిన రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. 2016 చివరలో కాళేశ్వరం దగ్గర గోదావరి మీద వంతెన తెరుచుకున్నాక, 1976లో స్థాపించిన కాకతీయ విశ్వవిద్యాలయం ఉన్న వరంగల్ నూటయాభై కిలోమీటర్ల లోపే ఉన్నట్టయింది. రోడ్డు దూరం ప్రకారం చూస్తే సమస్య తీరినట్టే కనిపిస్తుంది. నిబంధనల ప్రకారం చూస్తే అసలు సమస్య అక్కడే మొదలవుతుంది.

దారి దగ్గర, హక్కు దూరం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కోసం రాజ్యాంగంలో చేర్చిన 371-డి అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు, విద్యాసంస్థల సీట్లలో 85 శాతాన్ని స్థానిక అభ్యర్థులకు కేటాయించింది. స్థానికుడు అంటే, స్థూలంగా, అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివినవాడు లేదా నివసించినవాడు. అందువల్ల పదో తరగతి దాకా సిరోంచలో మరాఠీ మాధ్యమంలో చదివి, ఇంటర్ మాత్రం మంచిర్యాలలోనో హనుమకొండలోనో పూర్తిచేసిన విద్యార్థి, తెలుగే మాతృభాష అయినా, ఆ రెండేళ్ల చదువుతో స్థానికుడు కాలేడు. మిగిలిన సీట్లు అందరికీ తెరిచి ఉంటాయనుకోవడం కూడా పొరపాటే. వాటికీ అర్హత నిబంధనలుంటాయి గనుక, తెలంగాణ డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ వ్యవస్థ అయిన దోస్త్‌లో ఆ ఏటి ప్రకటనను అక్షరం పొల్లుపోకుండా చదవాలి. తెలంగాణ ప్రభుత్వపు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ రాష్ట్ర నివాసులకు ఉద్దేశించినది కాబట్టి, సీటు దొరికినా ఖర్చు కుటుంబం మీదనే పడే అవకాశముంది.

కుల ధ్రువపత్రాల విషయం ఇంకా చిక్కైనది. రాజ్యాంగం 341, 342 అధికరణాల ప్రకారం షెడ్యూల్డు కులాల, తెగల జాబితాలు రాష్ట్రం వారీగా ఉంటాయి. తెలంగాణలో షెడ్యూల్డు తెగగా గుర్తింపున్న లంబాడాలు మహారాష్ట్రలో బంజారాలుగా విముక్త జాతుల జాబితాలో ఉన్నారు. ఒకే తండా బంధువుల్లో నదికి ఆవలి ఒడ్డున ఉన్న పిల్లకు వర్తించే రిజర్వేషన్ ఈవలి పిల్లకు వర్తించదు. రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ ఉన్న వర్గాలవారికి సైతం, ఒక రాష్ట్రపు దాఖలా మరో రాష్ట్ర ప్రభుత్వ కళాశాలలో అదే ప్రయోజనం ఇస్తుందన్న హామీ లేదు. సొంత రాష్ట్రంలోనేమో రాష్ట్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ వ్యవస్థ మహా-డీబీటీ ద్వారా వచ్చే ఉపకార వేతనాలకు ఇక్కడి దాఖలాలు చెల్లుతాయి. కాబట్టి తక్కువ ఆదాయపు కుటుంబానికి గోండ్వానా పరిధిలోని కళాశాల ఇచ్చే ఆర్థిక భద్రతను చిన్నచూపు చూడరాదు.

ఈ చిక్కుముడిలో చాలామంది దృష్టికి రాని ఒక దారి ఉంది. 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం కేంద్ర సంస్థ. అదే నగరంలోని ఉస్మానియాకు వర్తించే స్థానిక, స్థానికేతర విభజన దానికి వర్తించదు. అర్థశాస్త్రంలో ఐదేళ్ల సమీకృత ఎం.ఏ. అక్కడ ఉంది. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం కోసం 2022లో మొదలైన ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీని 13 భాషల్లో రాయవచ్చు, వాటిలో తెలుగు, మరాఠీ రెండూ ఉన్నాయి. రిజర్వేషన్‌కు కేంద్ర ప్రభుత్వ నిబంధనలే వర్తిస్తాయి గనుక, మహారాష్ట్రలో పొందిన షెడ్యూల్డు కుల, తెగ ధ్రువపత్రాలు అక్కడ చెల్లుతాయి. రెండు రాష్ట్రాల నిబంధనల మధ్య నలిగే సరిహద్దు విద్యార్థికి అందరితో సమానమైన హోదా దొరికేది ఇలాంటి కేంద్ర సంస్థలలోనే. ఈ సంగతి సిరోంచ, అహేరి, ఆలాపల్లి బడుల్లో పదో తరగతి నాటికే పిల్లలకు తెలియాలి.

ఎంపికే ఒక అర్థశాస్త్ర ప్రశ్న

విశ్వవిద్యాలయాన్ని ఎంచుకోవడాన్ని అర్థశాస్త్రం తన పరికరాలతోనే పరిశీలిస్తుంది. వాటిలో మొదటిది అవకాశ వ్యయం, అంటే ఒకదాన్ని ఎంచుకున్నందువల్ల వదులుకోవలసివచ్చిన వాటిలో అన్నిటికంటే మేలైనదాని విలువ. హైదరాబాద్‌లో చదివే విద్యార్థి ఖర్చు ఫీజు, హాస్టల్, ప్రయాణాలతో ముగియదు; మిరప కోతల నాడు, తునికాకు తెంపే నాడు ఇంటికి తక్కువైన రెండు చేతుల కూలి కూడా ఆ ఖర్చులో భాగమే. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఇచ్చే సలహా పేద కుటుంబాల విషయంలో ఎప్పుడూ తప్పుతుంది.

రెండవది, చదువు విలువ ఎక్కడి నుంచి వస్తుందన్న చర్చ. గారీ బెకర్ 1964లో ప్రచురించిన గ్రంథం ద్వారా ప్రసిద్ధమైన మానవ మూలధన సిద్ధాంతం ప్రకారం, చదువు మనిషి నైపుణ్యాన్ని పెంచుతుంది, దానివల్ల ఆదాయం పెరుగుతుంది. మైకేల్ స్పెన్స్ 1973లో ప్రతిపాదించిన సంకేత సిద్ధాంతం ప్రకారం, పట్టా అనేది అభ్యర్థిలో అప్పటికే ఉన్న సామర్థ్యాన్ని యజమానికి తెలియజేసే గుర్తు. ప్రసిద్ధ విశ్వవిద్యాలయపు పేరుకు విలువ అక్కడ వస్తుంది. పేరును చూసి ఎంచుకునేవారు సంకేతానికి, పాఠ్యప్రణాళికను చూసి ఎంచుకునేవారు నైపుణ్యానికి విలువ కడుతున్నారన్నమాట. పలుకుబడి ఉన్న కుటుంబాల పిల్లలకు పేరు ఒక్కటే పని చేసినా చేయవచ్చు. సిఫార్సులు లేని సిరోంచ విద్యార్థిని పోటీ పరీక్షలోనూ పరిశోధనలోనూ నిలబెట్టేది నేర్చుకున్న విద్యే కాబట్టి, ఆ విద్యార్థి ముందు పాఠ్యప్రణాళికను, తరువాతే పేరును చూడాలి.

నిర్ణయం పదకొండులోనే

ఇక్కడే చాలా కుటుంబాలు ఆలస్యంగా తెలుసుకునే విషయం ఒకటుంది. అర్థశాస్త్రం కళల విభాగపు సబ్జెక్టుగా బడిలో కనిపించినా, డిగ్రీ పై మెట్లలో అది గణితం మీద నడిచే శాస్త్రం. ఢిల్లీ విశ్వవిద్యాలయపు బి.ఏ. ఆనర్స్ అర్థశాస్త్రానికి సీయూఈటీలో గణితం తప్పనిసరి. 1930లో పుణెలో స్థాపించిన గోఖలే రాజనీతి, అర్థశాస్త్ర సంస్థ ఈ విషయాన్ని బి.ఎస్సీ. పట్టాగానే బోధిస్తోంది. మహారాష్ట్రలో పదకొండో తరగతిలో కళల విభాగం తీసుకుని గణితాన్ని వదిలేసిన విద్యార్థికి, తెలంగాణ ఇంటర్‌లో గణితం ఉన్న ఎంఈసీకి బదులు గణితం లేని సీఈసీ, హెచ్ఈసీ తీసుకున్న విద్యార్థికి ఇలాంటి దారులు పదహారో ఏటనే మూసుకుపోతాయి. విశ్వవిద్యాలయం ఏదన్న ప్రశ్న రెండేళ్ల తరువాత వస్తుంది. దానికి జవాబు అప్పటికే తేలిపోయి ఉంటుంది.

దీని అర్థం గణితం లేనివారు అర్థశాస్త్రం చదవరాదని కాదు. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం మూడూ కలిపి చదివే బి.ఏ. పట్టాలు గ్రూప్ పరీక్షలకు, ఉపాధ్యాయ వృత్తికి, పత్రికా రంగానికి, గ్రామసభల పనికి మంచి పునాది. అయితే కేంద్ర ప్రభుత్వంలో ఆర్థిక సలహాదారులను తయారుచేసే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కు స్నాతకోత్తర పట్టా కావాలి. రిజర్వ్ బ్యాంకు ఆర్థిక పరిశోధన విభాగానికీ అంతే. ఆ మెట్టు ఎక్కదలచినవారికి గణితం, సాంఖ్యక శాస్త్రం లేని పునాది చాలదు. భౌతికశాస్త్రంలో ఎం.ఎస్సీ. చేసి తరువాత అర్థశాస్త్రంలోకి వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ పొంది, 2008 నుంచి 2013 వరకు రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా ఉన్న దువ్వూరి సుబ్బారావు ఉదాహరణ, గణితం తెలిసినవారికి ఈ శాస్త్రంలోకి ఆలస్యంగానైనా ప్రవేశం దొరుకుతుందని చూపుతోంది. అర్థశాస్త్రం తెలిసి గణితం తెలియనివారికి అంత సులువుగా దొరకదు.

పాఠ్యప్రణాళికలో చూడవలసినవి

విశ్వవిద్యాలయపు ప్రకటన కంటే దాని పాఠ్యప్రణాళిక ఎక్కువ నిజం చెబుతుంది. వినియోగదారుడు, సంస్థ, మార్కెట్ ఎలా ప్రవర్తిస్తాయో వివరించే సూక్ష్మ అర్థశాస్త్రం, జాతీయాదాయం, ద్రవ్యోల్బణం, నిరుద్యోగం వంటి మొత్తాలను చర్చించే స్థూల అర్థశాస్త్రం ప్రతి చోటా ఉంటాయి. తేడా మూడో స్తంభంలో ఉంటుంది. అది ఎకనామెట్రిక్స్, అంటే సేకరించిన గణాంకాల నుంచి ఏ కారణం వల్ల ఏ ఫలితం వచ్చిందో సాంఖ్యక పద్ధతులతో వేరుచేసి చూపే విద్య. ఒక పట్టాలో ఎకనామెట్రిక్స్ తప్పనిసరి పేపరుగా ఉందా, దాన్ని కంప్యూటర్ మీద చేయిస్తారా, చివరి ఏట క్షేత్ర సర్వే గానీ పరిశోధన వ్యాసం గానీ రాయిస్తారా, విభాగంలో ఎన్ని అధ్యాపక పదవులు ఖాళీగా ఉన్నాయి, గ్రంథాలయం సాయంత్రం ఎంతవరకు తెరిచి ఉంటుంది అన్న ఐదు ప్రశ్నలకు జవాబు దొరికితే, ఆ విభాగం స్థాయి దాదాపు తెలిసిపోతుంది. వీటికి జవాబులు చెప్పగలవారు అక్కడ రెండో, మూడో ఏట చదువుతున్న విద్యార్థులే.

భాషా మాధ్యమాన్ని కూడా ఇక్కడే తూకం వేయాలి. మరాఠీలో అర్థశాస్త్రం చదివిన విద్యార్థి తెలుగు మాధ్యమపు బి.ఏ.లో చేరితే, ఇంటి భాషలోనే పారిభాషిక పదాలన్నీ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ఇంగ్లీషు మాధ్యమంలో చేరితే రెండింటినీ వదిలి మూడోది పట్టుకోవాలి. మొదటి ఏడాది మార్కులు తగ్గడానికి తెలివితక్కువతనం కంటే ఈ మార్పు కారణం కావడమే ఎక్కువ. వంతెన కోర్సులు, అంటే కొత్త మాధ్యమంలోకి విద్యార్థిని క్రమంగా తెచ్చే తరగతులు ఉన్న కళాశాలకు అందుకే ప్రాధాన్యమివ్వాలి.

కొత్త జాతీయ విద్యావిధానం కింద వచ్చిన నాలుగేళ్ల పట్టా ఈ లెక్కను కొంత మార్చింది. మూడేళ్లకు 120 క్రెడిట్లతో పట్టా, నాలుగేళ్లకు 160 క్రెడిట్లతో ఆనర్స్ పట్టా ఇస్తారు; మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం సాధించినవారు పరిశోధనతో కూడిన ఆనర్స్ చేయవచ్చు, ఆ తరువాత ఎం.ఏ. ఏడాదిలోనే పూర్తవుతుంది. క్రెడిట్ అంటే ఒక పేపరుకు వెచ్చించిన తరగతి కాలానికి ఇచ్చే విలువ. వాటిని దాచే అకడమిక్ బ్యాంకు ఆఫ్ క్రెడిట్స్ వల్ల, చేర్చుకునే సంస్థ ఒప్పుకుంటే, ఒక చోట సంపాదించిన క్రెడిట్లను మరో చోటికి తీసుకుపోవచ్చు. గడ్చిరోలిలో మూడేళ్లు తక్కువ ఖర్చుతో చదివి, స్వయం వేదిక మీది ఆన్‌లైన్ కోర్సులతో గణితాన్ని, సాంఖ్యక శాస్త్రాన్ని గట్టిపరచుకుని, ఎం.ఏ.కు హైదరాబాద్‌కో పుణెకో వెళ్లడం ఇప్పుడు సాధ్యమైన ప్రణాళిక. ఇల్లు వదలలేని గృహిణులకు, కూలి మానలేని యువకులకు ఇగ్నో, నాసిక్‌లోని యశ్వంతరావ్ చవాన్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోని అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉన్నాయి.

సరిహద్దే ప్రయోగశాల

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం 1992 ఏప్రిల్‌లో కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు సరిహద్దుకు ఇరువైపులా ఉన్న 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలను పెంపుకు ముందూ తరువాతా పరిశీలించి, వేతనం పెరిగితే ఉద్యోగాలు తగ్గుతాయన్న పాత నమ్మకానికి అక్కడ ఆధారం కనిపించలేదని 1994లో ప్రచురించారు. మనుషులూ వాతావరణమూ ఒకే తీరుగా ఉండి, ఒక విధానం మాత్రమే తేడాగా ఉన్న ఇలాంటి పరిస్థితిని సహజ ప్రయోగం అంటారు. ఈ పద్ధతికి చేసిన సేవకు 2021 నోబెల్ బహుమతిలో కార్డ్ భాగం పొందారు.

సిరోంచకు ఆవల, ఈవల ఉన్నది అచ్చంగా ఇలాంటి స్థితే. వేసవిలో ఒకే అడవి నుంచి తెంపే తునికాకును చూస్తే చాలు. తెలంగాణ వైపు ఉమ్మడి రాష్ట్రం 1971లో చేసిన చట్టం నుంచి ఆ వ్యాపారం ప్రభుత్వ నియంత్రణలో ఉంది. కల్లంలో ఆకు తీసుకునే కల్లేదారు కట్టలు లెక్కపెట్టుకుని నిర్ణయించిన రేటు ఇస్తాడు. గడ్చిరోలిలో 2006 నాటి అటవీ హక్కుల చట్టం, షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీ చట్టమైన పెసా నిబంధనల బలంతో అనేక గ్రామసభలు తామే వేలం పెట్టి ఆకు అమ్ముకుంటున్నాయి. ఏ పద్ధతిలో సేకరించినవారి చేతికి ఎక్కువ డబ్బు అందుతుంది? వేలంలో కొనుగోలుదారులు ముగ్గురే ఉండి వారిలో వారు కూడబలుక్కుంటే ఏమవుతుంది? ధర పడిపోయిన ఏడాది నష్టాన్ని ఎవరు మోస్తారు? వేలాల సిద్ధాంతానికి 2020లో నోబెల్ వచ్చింది. దాన్ని పరీక్షించే వేలం పాటలు గడ్చిరోలి గ్రామాల్లో ఏటా జరుగుతున్నాయి.

ధనోరా తాలూకాలోని మెంఢా-లేఖా గ్రామానికి 2009లో 1,800 హెక్టార్లకు పైగా అడవి మీద సామూహిక హక్కు లభించింది. 2011లో వెదురు అమ్ముకునే అధికారం చేతికి వచ్చింది. అదే 2009లో, ఉమ్మడి వనరులను ప్రజలు తామే నియమాలు పెట్టుకుని కాపాడుకోగలరని నిరూపించిన ఎలినార్ ఆస్ట్రమ్ అర్థశాస్త్రంలో నోబెల్ పొందిన తొలి మహిళ అయ్యారు. ఇక 2019లో ప్రారంభమై 2023 అక్టోబరులో స్తంభాలు కుంగిన, గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ మరో పాఠం. దాని నీటిని ఉద్దేశించింది తెలంగాణ పొలాలకు. ముంపు బారిన పడిన పొలాలలో సిరోంచ వైపు రైతులవీ ఉన్నాయి, పరిహారం కోసం వారు ఏళ్ల తరబడి ఆందోళనలు చేశారు. ఒకరి నిర్ణయపు ఖర్చు ఆ నిర్ణయంలో భాగం లేని మరొకరి మీద పడటాన్ని అర్థశాస్త్రం బాహ్య ప్రభావం అంటుంది. దాన్ని రూపాయల్లో లెక్కగట్టి ఇరు ప్రభుత్వాల ముందు పెట్టగలిగే ఆర్థికవేత్త ఆ గ్రామాల నుంచే రావడం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

దారి వేసినవారు

ఈ రెండు ఒడ్డుల వారూ తమవాడిగా తలచే బి.ఆర్. అంబేడ్కర్ మొదట అర్థశాస్త్రవేత్త. బరోడా సంస్థానపు ఉపకార వేతనంతో 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లి అక్కడి అర్థశాస్త్ర ఆచార్యుడు సెలిగ్‌మన్ దగ్గర చదివారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరాక ఉపకార వేతనపు గడువు ముగియడంతో 1917లో చదువు మధ్యలో తిరిగివచ్చారు. బొంబాయిలోని సిడెన్‌హామ్ కళాశాలలో పాఠాలు చెప్పి, 1920లో మళ్లీ లండన్ వెళ్లి, రూపాయి సమస్య మీద రాసిన సిద్ధాంతవ్యాసంతో 1923లో డి.ఎస్సీ. సాధించారు. దారి మధ్యలో తెగినా, చేరవలసిన చోటు ఏదో ఆయనకు స్పష్టంగా తెలుసు. గోదావరికి ఆవల కరీంనగర్ జిల్లాలో పుట్టిన సి.హెచ్. హనుమంతరావు ఉస్మానియాలో చదివి, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పరిశోధన చేసి, ప్రణాళికా సంఘ సభ్యుడయ్యారు. భారత వ్యవసాయాన్ని జీవితకాలం అధ్యయనం చేశారు. సమీప విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టి, పరికరాల కోసం దూరం వెళ్లి, పుట్టిన నేల సమస్యలకే వాటిని వినియోగించడం ఇద్దరిలోనూ కనిపిస్తుంది.

ఎంపిక, బాధ్యత

గణితం పట్టుకున్న విద్యార్థి సీయూఈటీ తప్పక రాసి కేంద్ర సంస్థలకు మొదటి స్థానమివ్వాలి. ఖర్చు భరించలేనివారు, గణితం వదిలినవారు గోండ్వానా పరిధిలో ఉపకార వేతనంతో చదువుతూ నాలుగో ఏటినీ ఎం.ఏ.నూ లక్ష్యంగా పెట్టుకోవాలి. వరంగల్, హైదరాబాద్ రాష్ట్ర విశ్వవిద్యాలయాలను నిబంధనలూ ఫీజులూ ముందే రాతపూర్వకంగా తెలుసుకున్నాకే ఎంచుకోవాలి.

కుటుంబాలు ఇంతవరకే చేయగలవు. మిగిలింది ప్రభుత్వాలు చేయాలి. గోదావరి నీటి కోసం 2016లో అంతర్రాష్ట్ర ఒప్పందం కుదుర్చుకున్న రెండు రాష్ట్రాలు, అదే గోదావరి ఒడ్డు పిల్లల చదువు కోసం మరో ఒప్పందం కుదుర్చుకోలేకపోవడానికి కారణం లేదు. సిరోంచ తాలూకా విద్యార్థులకు కాకతీయ విశ్వవిద్యాలయంలో కొన్ని సీట్లు, అక్కడ చదివేవారికి మహారాష్ట్ర ఉపకార వేతనం, గోండ్వానా, కాకతీయ అర్థశాస్త్ర విభాగాలు కలిసి నడిపే సరిహద్దు అధ్యయన కేంద్రం, తాలూకా ఉన్నత పాఠశాలల్లో కళల విభాగానికీ గణితం చెప్పే ఉపాధ్యాయుడు: ఈ నాలుగూ పెద్ద ఖర్చు లేనివి. ఒకే నేలను రెండు విధానాలు పాలిస్తున్న ఈ చోట ఏది ప్రజలకు మేలు చేస్తోందో తేల్చగలిగే చదువు, ఆ తేడాను రోజూ అనుభవిస్తున్న పిల్లలకు అందాలి; అది వారికి చేసే దయ కాదు, రెండు రాష్ట్రాలూ తమ విధానాలను సరిదిద్దుకోవడానికి పెట్టుకునే పెట్టుబడి.